కాపులుప్పాడకు చేరకముందే: అపార్ట్‌మెంటు ప్లాస్టిక్‌ను రీసైక్లింగ్‌కు పంపడం ఎలా?

ప్లాస్టిక్ రీసైక్లింగ్ అనగానే చాలా అసోసియేషన్లు రంగురంగుల బుట్టలు కొనడంతో మొదలుపెడతాయి. బుట్టలకు తొందర లేదు. ముందు కొనేవారు దొరకాలి. ఎంత శ్రద్ధగా వేరుచేసినా తూకం వేసి పట్టుకుపోయే మనిషి లేకపోతే ఆ సరుకంతా మళ్లీ చెత్త బండి ఎక్కి విశాఖ దాటి భీమిలి వైపు కాపులుప్పాడ డంపింగ్ యార్డుకే పోతుంది. నెల తిరక్కుండానే ఇళ్లలో విసుగు పుడుతుంది, మూడు బుట్టలూ ఒకే బుట్ట అయిపోతాయి.

ఇక్కడ చెప్పే పద్ధతి విశాఖలో పాతిక, ముప్ఫై ఇళ్లున్న అపార్ట్‌మెంటుకు సరిపోతుంది. విడి ఇళ్లున్న వీధికి కూడా పనికొస్తుంది, కాకపోతే సంచులు పెట్టుకోవడానికి ఎవరో ఒకరు చోటివ్వాలి. ఒక్క ఇంటివారు మాత్రం ఒంటరిగా దిగవద్దంటాను. కారణం బరువు. ఖాళీ లీటరు నీళ్ల సీసా పాతిక గ్రాములు తూగితే గొప్ప. అర లీటరు పాల ప్యాకెట్ సుమారు 3 గ్రాములు. ఒక ఇంట్లో నెలంతా దాచినా కొట్టు యజమాని దాన్ని కాటా మీద పెట్టడానికి బద్ధకిస్తాడు. అదే 30 ఇళ్లు, ఇంటికి రోజుకు రెండు ప్యాకెట్లు అనుకుంటే నెలకు పాల ప్యాకెట్లే ఐదు కిలోలు దాటుతాయి. అప్పుడది సరుకు.

ముందు స్క్రాప్ కొట్టుకు వెళ్లండి

మన దేశంలో ప్లాస్టిక్‌ను వేరుచేసే పని ఎక్కువగా చేతులే చేస్తున్నాయి. చెత్తకుప్పల దగ్గర ఏరేవారు, మైకు పెట్టుకుని "పాత ఇనప సామాను, ప్లాస్టిక్ సామాను కొంటాం" అంటూ వీధుల్లో తిరిగే బండివారు, వారి దగ్గర కొనే చిన్న స్క్రాప్ కొట్లు, ఆ పైన పెద్ద గోదాములు, చివర ప్లాస్టిక్‌ను ముక్కలు చేసి కరిగించి గుళికలు తీసే యూనిట్లు. ఈ గొలుసు మీరు పుట్టకముందు నుంచీ ఉంది. దీన్ని పక్కనపెట్టి కొత్త ఏర్పాటు చేద్దామనుకుంటే ఏమవుతుందో కైరో నగరం చూసింది. అక్కడ జబ్బాలీన్ అనే కుటుంబాలు తరతరాలుగా ఇంటింటికీ తిరిగి చెత్త తెచ్చుకుని, అందులో చాలా భాగాన్ని తిరిగి వాడకానికి పంపేవి. 2003 ప్రాంతంలో అక్కడి ప్రభుత్వం విదేశీ కంపెనీలకు కాంట్రాక్టులు ఇచ్చింది. గుమ్మం ముందుకు వచ్చి చెత్త తీసుకెళ్లే మనుషుల స్థానంలో వీధి డబ్బాలు వచ్చాయి, జనం విసుక్కున్నారు, రీసైక్లింగూ తగ్గింది. పుణేలో దీనికి ఎదురు దారి పట్టారు. చెత్త ఏరే కార్మికులే 'స్వచ్ఛ్' అనే సహకార సంఘంగా ఏర్పడి, నగరపాలక సంస్థతో ఒప్పందం మీద 2008 నుంచి ఇంటింటి సేకరణ చేస్తున్నారు.

కాబట్టి మీ మొదటి పని సమావేశం పెట్టడం కాదు. కంచరపాలెంలో ఉన్నా, మధురవాడలో ఉన్నా, గాజువాకలో ఉన్నా నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక స్క్రాప్ కొట్టు ఉంటుంది. రద్దీ లేని మధ్యాహ్నం వెళ్లండి. ఇంట్లో ఒక వారం పోగైన ప్లాస్టిక్‌ను సంచిలో వేసుకుని వెళ్తే మరీ మంచిది. సంచి బోర్లించి, "వీటిలో మీకు పనికొచ్చేవి తీయండి" అనండి. ఆ చేతుల వేగం చూడండి. చూసేది తక్కువ, తడిమేది ఎక్కువ. నలిపితే వచ్చే చప్పుడును బట్టే ఏ కుప్పలోకి పోవాలో తేలిపోతుంది. మీకు అర్థం కానిది అడగండి. ఏవి విడివిడిగా ఇస్తే ఎక్కువ ధర? కనీసం ఎన్ని కిలోలుంటే బండి పంపుతారు? మూతలు తీయాలా, ఉంచాలా? రంగు సీసాలకూ తెల్ల సీసాలకూ ధరలో తేడా ఉందా? ఉచితంగా ఇచ్చినా తీసుకోనివి ఏవి? ఈ ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబే మీకు అన్నిటికంటే విలువైనది. రెండు మూడు కొట్లు తిరిగి, మర్యాదగా మాట్లాడి, కాటా సరిగ్గా వేసే కొట్టును ఎంచుకోండి. రూపాయి ఎక్కువిచ్చే కొట్టు కంటే చెప్పిన రోజున వచ్చే కొట్టు మేలు.

సరుకును గుర్తుపట్టడం

సీసాల అడుగున, డబ్బాల కింద త్రికోణం గుర్తు, అందులో 1 నుంచి 7 వరకు ఒక అంకె ఉంటుంది. అది ప్లాస్టిక్ రకాన్ని చెబుతుంది, అంతే. గుర్తు ఉన్నంత మాత్రాన మీ ఊళ్లో దాన్ని కొంటారని కాదు. 1 అంటే పెట్: నీళ్లు, కూల్‌డ్రింకుల సీసాలు. 2 అంటే హెచ్‌డీపీఈ: షాంపూ, ఫినాయిల్, ఇంజన్ ఆయిల్ డబ్బాలు. 4 అంటే ఎల్‌డీపీఈ: మెత్తని కవర్లు. పాల ప్యాకెట్లూ ఈ కోవలోవే. 5 అంటే పీపీ: హోటల్ పార్సిల్ డబ్బాలు, సీసా మూతలు, బియ్యం సంచులు. ఈ నాలుగింటికి బజారు ఉంది. 3 పీవీసీ, 6 పాలీస్టైరీన్, అంటే థర్మోకోల్ జాతి. 7 అంటే పై ఆరింటిలో చేరనివన్నీ. ఈ మూడు కొట్టు దగ్గర మొహాలు చిట్లించే రకాలు.

కవర్ల మీద చాలాసార్లు గుర్తు ఉండదు. అక్కడ చేతికే పని. పాల ప్యాకెట్‌ను రెండు చేతులతో పట్టి లాగండి, సాగుతుంది. బిస్కెట్ ప్యాకెట్‌ను లాగండి, సాగదు, కరకరలాడి చిరుగుతుంది. చిప్స్ ప్యాకెట్ లోపలి వైపు వెండిలా మెరుస్తుంటే అది పొరలు పొరలుగా అతికించిన ప్లాస్టిక్. ఆ పొరలను విడదీయడం ఎవరికీ గిట్టుబాటు కాదు, కొట్టులో కొనరు.

పిల్లలున్న ఇంట్లో ఈ పరీక్ష చేసి చూపండి. నీళ్ల సీసా నుంచి ఒక ముక్క, దాని మూత నుంచి ఒక ముక్క కత్తిరించి గాజు గిన్నెలోని నీళ్లలో వేయండి. ముక్కలకు గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, అందుకే ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు కలిపి, వేలితో ఒకసారి ముంచి వదలండి. సీసా ముక్క అడుక్కి పోతుంది, మూత ముక్క పైకి తేలుతుంది. నీటి సాంద్రతను 1 అనుకుంటే పెట్‌ది అంతకన్నా ఎక్కువ, సుమారు 1.38. పీపీది 0.9 దగ్గర, హెచ్‌డీపీఈది దానికి కాస్త ఎక్కువ, రెండూ తేలేవే. రీసైక్లింగ్ యూనిట్లలో ముక్కలు చేసిన సరుకును పెద్ద నీళ్ల తొట్టిలో పోసి వేరుచేసేది ఇదే సూత్రంతో. పీవీసీ మాత్రం పెట్‌లాగే మునుగుతుంది, నీళ్లు దాన్ని పట్టించవు. పెట్‌ను కరిగించే వేడికి పీవీసీ మాడి ఆమ్ల వాయువు వదులుతుంది, చుట్టూ ఉన్న మంచి సరుకును కూడా పాడుచేస్తుంది. అందుకే పైపు ముక్కలు, ఫ్లెక్సీ ముక్కలు, ఖాళీ మందుబిళ్లల స్ట్రిప్పులు సీసాల సంచిలో పడకుండా చూడండి. గట్టిగా పట్టుబట్టాల్సిన నియమం ఏదైనా ఉందంటే అది ఇదే.

ఇంకో మోసం గురించి కూడా చెప్పాలి. చీరల దుకాణాల్లో, స్వీట్ షాపుల్లో బట్ట సంచి అంటూ ఇచ్చే రంగు సంచిని వెలుతురుకు ఎత్తి చూడండి. నేత దారాలు కనిపించవు, నొక్కిన చుక్కలు కనిపిస్తాయి. అది పీపీ ప్లాస్టిక్కే. నాలుగుసార్లు కూరగాయలు మోయించాక పోగుల్లా ఊడిపోతుంది.

కడగడం, ఆరబెట్టడం

సగం అపార్ట్‌మెంట్లు ఈ మెట్టు దగ్గరే ఆగిపోతాయి. వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే ఊళ్లో ప్లాస్టిక్ కడగడానికి మంచినీళ్లు పోయమంటే ఎవరికి నచ్చుతుంది? పోయనక్కర్లేదు. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు చాలు. పాల ప్యాకెట్‌లో కాసిని పోసి, మూతి మూసి ఊపి, ఆ నీళ్లు కరివేపాకు మొక్కకు పోయండి. వాసన పోవడమే కావాలి, తళతళ మెరవక్కర్లేదు.

ప్యాకెట్ కత్తిరించే తీరు మార్చండి. చాలా ఇళ్లలో మూల ముక్కను పూర్తిగా కోసేస్తారు. గోరంత ఆ త్రికోణం సింకులోకో, చీపురు కిందికో పోతుంది, దాన్ని ఏ కొట్టూ కొనదు, ఎవరి చేతికీ దొరకదు. 30 ఇళ్ల అపార్ట్‌మెంటులో నెలకు అలాంటివి 1,800. మూల దగ్గర గాటు పెట్టి ముక్కను వేలాడనివ్వండి. పాలు పోయడానికి ఏ ఇబ్బందీ ఉండదు.

నూనె ప్యాకెట్‌తో తంటా ఎక్కువ. నిలువునా చీల్చి, లోపల మిగిలిన నూనెను కాస్త శనగపిండితో తుడిచి, ఆ పిండిని బజ్జీల పిండిలో కలుపుకునే ఇల్లాళ్లు ఉన్నారు. వారికి రీసైక్లింగ్ గురించి ఎవరూ చెప్పలేదు, నూనె వృథా కావడం ఇష్టం లేక చేస్తారు. మిగతావారు పాత పేపరుతో తుడిస్తే సరిపోతుంది. సాంబారు, చట్నీ పార్సిల్ కవర్లు మాత్రం వదిలేయండి. వాటిని శుభ్రం చేయడానికి పట్టే శ్రమకు అందులోని ప్లాస్టిక్ తగదు, ఇంటి నుంచి గిన్నె పట్టుకెళ్లడమే దానికి మందు.

ఇక ఆరబెట్టడం. విశాఖ గాలిలో తేమ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. సగం ఆరిన కవర్లను మూటకడితే వారానికి బూజు, ఆ పైన బొద్దింకలు. చీల్చిన ప్యాకెట్లను బట్టల తీగకు క్లిప్పు పెట్టి తలకిందులుగా వేలాడదీయండి, సాయంత్రానికి ఆరతాయి. వానాకాలంలో అయితే వంటింటి కిటికీ ఊచకు. సీసాలను తొక్కి చదును చేయండి. మూతల విషయంలో మీ కొట్టు ఏం చెబితే అదే వేదం.

సంచులు ఎక్కడ పెట్టాలి

పాతిక కిలోల బియ్యం సంచులు నాలుగు చాలు. పెట్ సీసాలకు ఒకటి, గట్టి డబ్బాలకు ఒకటి, మెత్తని కవర్లకు ఒకటి, ఎవరూ కొనని వాటికి నాలుగోది. ఒక్కో సంచి పైన నమూనాగా ఆ వస్తువునే కట్టి వేలాడదీయండి. పెన్నుతో రాసిన పేర్లు ఎవరూ చదవరు, వేలాడే షాంపూ డబ్బాను అందరూ చూస్తారు.

సెల్లారులో పెట్టేటప్పుడు కరెంటు మీటర్లకు, జనరేటరుకు, పార్కింగులో ఛార్జింగ్ పెట్టే స్కూటర్లకు దూరంగా పెట్టండి. ఆరిన ప్లాస్టిక్ అంటుకుంటే ఆపడం కష్టం. నేల మీద కాకుండా చెక్క బల్ల మీదో, ఇటుకల మీదో ఉంచితే సెల్లారులోకి నీళ్లు వచ్చినా సరుకు తడవదు. అక్టోబరు, నవంబరులో తుపాను హెచ్చరిక వస్తే సంచులు నిండే వరకు ఆగకండి, వెంటనే కొట్టుకు పంపేయండి. లేదంటే మీరు పోగుచేసిందంతా గాలికి ఎగిరి పక్క గెడ్డలో, అంటే వాగులో, పడుతుంది.

డబ్బు ఎవరిదో ముందే తేల్చండి

ఇది మొహమాటపడే విషయం కాదు. రోజూ పొద్దున్నే చెత్త తీసుకెళ్లే పారిశుద్ధ్య కార్మికులు ఆ తడి చెత్తలో చేయిపెట్టి సీసాలు, డబ్బాలు ఏరుకుని అమ్ముకుంటారు. ఆ పూట టీ ఖర్చో, పిల్లల పుస్తకాల ఖర్చో అందులోంచే వస్తుంది. మీరు అకస్మాత్తుగా విలువైన సరుకంతా దాచి అమ్మి, ఆ సొమ్ముతో అసోసియేషన్ లిఫ్టులో అద్దం పెట్టిస్తే వారి నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే. నా సలహా సూటిగా చెబుతాను: అమ్మిన డబ్బు పారిశుద్ధ్య కార్మికులకు, వాచ్‌మన్ కుటుంబానికి ముందే మాట్లాడుకున్న వాటాల్లో పోవాలి. అసోసియేషన్‌కు ఒక్క రూపాయి కూడా వద్దు. ఇంకా తేలిక కావాలంటే, వేరుచేసి ఆరబెట్టిన సంచులను నేరుగా వారి చేతికే ఇవ్వండి, అమ్ముకోవడం వారికి మనకంటే బాగా తెలుసు. తడిలో చేయి పెట్టకుండా, గాజుపెంకులు గుచ్చుకోకుండా అదే ఆదాయం, వీలైతే ఇంకాస్త ఎక్కువ, రావాలన్నది లెక్క.

అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టే సందేశం చిన్నదిగా ఉండనివ్వండి. ఇలా రాయవచ్చు:

"అందరికీ నమస్కారం. వచ్చే సోమవారం నుంచి పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు, ప్లాస్టిక్ డబ్బాలు కడిగి ఆరబెట్టి సెల్లారులోని సంచుల్లో వేయండి. మూల కత్తిరించేటప్పుడు ముక్కను పూర్తిగా కోయవద్దు. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు పేపరులో చుట్టి విడిగా ఇవ్వండి. అమ్మగా వచ్చిన డబ్బు మన చెత్త తీసుకెళ్లే వారికి, వాచ్‌మన్ కుటుంబానికి చెందుతుంది. ప్రతి నెలా ఎంత వచ్చిందో ఇక్కడే చెబుతాం."

ఇంత చాలు. సముద్రపు తాబేళ్ల ఫొటోలు, భూగోళం ఏడుస్తున్న బొమ్మలు వద్దు. పాత కవర్లు మడిచి పరుపు కింద దాచే పెద్దావిడ ఏ ఇంట్లో ఉన్నారో కనుక్కోండి. "పిన్నిగారూ, ఈ సంచుల సంగతి కాస్త మీరు చూడాలి" అని అడగండి. ఆవిడ అజమాయిషీలో జరిగే పని ఏ కమిటీ వల్లా జరగదు.

ఎవరూ కొనని నాలుగో సంచి

చిప్స్, బిస్కెట్, షాంపూ సాషెలు, టూత్‌పేస్ట్ ట్యూబులు, థర్మోకోల్. ఈ సంచిని పొడి చెత్తగా నగరపాలక సంస్థ బండికే ఇవ్వాలి. ఆ తర్వాత దానికి ఏం జరుగుతుందో నిజాయతీగా తెలుసుకోవడం మంచిది. కాపులుప్పాడలో చెత్త నుంచి కరెంటు తీసే 15 మెగావాట్ల కేంద్రం ఉంది. కాల్చి కరెంటు తీయడం రీసైక్లింగ్ కాదు, వస్తువు అక్కడితో అయిపోతుంది. అయినా గెడ్డలో పడటం కంటే నయమే. ఇలాంటి పల్చని కవర్లకు ఇంకో దారి తారు రోడ్లు. మదురైలోని త్యాగరాజర్ ఇంజినీరింగ్ కళాశాలలో ఆచార్యులు రాజగోపాలన్ వాసుదేవన్ రూపొందించిన పద్ధతిలో, వేడిచేసిన కంకర మీద ప్లాస్టిక్ ముక్కలు చల్లితే కరిగి పొరలా పట్టుకుంటాయి, ఆ పైన తారు కలుపుతారు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ కూడా పీవీసీ నిషిద్ధం.

ఇంటి వెనకో, ఖాళీ స్థలంలోనో ఎండుటాకులతో కలిపి కాల్చడం మాత్రం వద్దు. పీవీసీ కాలితే డయాక్సిన్లు అనే విష పదార్థాలు పుడతాయి, మన వీధి గాలే వాటిని మోస్తుంది.

ఈ నాలుగో సంచి సన్నబడటానికి ఒకటే దారి, ఆ వస్తువులు ఇంటికి రాకుండా చూడటం. చట్టం కొంత మీ వైపే ఉంది. 2022 జులై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ స్పూన్లు, ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు, స్వీటు పెట్టెలకు చుట్టే పల్చని పొరలు, అలంకరణ థర్మోకోల్ నిషిద్ధం. క్యారీ బ్యాగు మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదన్న నియమం 2022 డిసెంబరు 31 నుంచి ఉంది. విశాఖలో అయితే దేశం కంటే ముందే, 2022 జూన్ 5న నగరపాలక సంస్థ ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించింది. అయినా పూర్ణా మార్కెట్‌లో పావుకిలో పచ్చిమిర్చికి కూడా కవర్ ఇస్తూనే ఉంటారు, మనం చేయి చాచి పుచ్చుకుంటూనే ఉంటాం. బండి డిక్కీలో రెండు గుడ్డ సంచులు పడేసుకోవడానికి ఏ చట్టమూ అక్కర్లేదు.

అపార్ట్‌మెంటులో గృహప్రవేశమో, పుట్టినరోజో ఉంటే ఒక్క పూటలో నెల చెత్త వస్తుంది. పావు లీటరు నీళ్ల సీసాలు, అవి కూడా సగం తాగినవి. టెంట్ హౌసులో స్టీలు గ్లాసులు అద్దెకు దొరుకుతాయి. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చే అడ్డాకుల విస్తళ్లు మన దగ్గర కొత్త కాదు. కొనేటప్పుడు వెనక తిప్పి చూడండి, కొన్నిటికి అడుగున ప్లాస్టిక్ పొర అతికిస్తున్నారు.

తూకం, రోజు, ఆటుపోట్లు

నెలకు ఒక రోజు పెట్టుకోండి. 2025 జనవరి నుంచి రాష్ట్రంలో ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది, ఆ రోజైతే అందరికీ గుర్తుంటుంది. కాటా వేసేటప్పుడు ఇద్దరు ఉండి, రకం వారీగా బరువు, ధర నోటుపుస్తకంలో రాయండి. కొన్ని నెలలకు ఏ రకం పెరుగుతోందో తెలుస్తుంది. నీళ్ల సీసాలే ఎక్కువగా ఉంటే ఉమ్మడిగా ఒక ఫిల్టరు పెట్టించుకోవడం గురించి మాట్లాడటానికి అంకెలు చేతిలో ఉంటాయి.

జూన్‌లో వానలు పట్టకముందు మీ వీధి కాలువ జాలీ దగ్గర ఆగినవాటిని తీయించండి. అక్కడ ఆపింది గెడ్డలోకి, గెడ్డ నుంచి సముద్రంలోకి పోదు. బీచ్‌లో ఏరిన ప్లాస్టిక్‌ను కొట్టుకు తెచ్చి అమ్ముదామనుకుంటే మాత్రం నిరాశే. ఎండకు పెళుసెక్కి, ఇసుక, ఉప్పు పట్టిన సరుకుకు ధర రాదు. బీచ్ శుభ్రం చేయడం మంచి పనే, దాన్ని రీసైక్లింగ్ లెక్కలో మాత్రం వేసుకోకండి.

ఎప్పుడో ఒకప్పుడు కొట్టు యజమాని ఈ నెల కవర్లు వద్దంటాడు. ముడిచమురు ధర పడితే కొత్త ప్లాస్టిక్ చవకవుతుంది, పాతదానికి గిరాకీ తగ్గుతుంది. అతని మీద కోప్పడి లాభం లేదు. పొడిగా ఉన్న సరుకు చెడిపోదు కాబట్టి ఒకటి రెండు నెలలు ఆగండి. చోటు చాలకపోతే సీసాలతో పాటు కవర్లు ఉచితంగా తీసుకెళ్లమని బేరమాడండి, సీసాల కోసమైనా ఒప్పుకుంటాడు. అదీ కుదరకపోతే మొదట తిరిగిన రెండు మూడు కొట్లలో మిగిలినవారికి ఫోను చేయండి. అందుకే వారి నంబర్లు నోటుపుస్తకం మొదటి పేజీలోనే రాసి ఉంచుకోవాలి.